తాళం మూడు

ఆవిడను వీధుల్లో అందరూ ఫారాలక్క అనేవారు. భుజాన గుడ్డ సంచి, సంచిలో అట్ట, అట్టకు క్లిప్పుతో బిగించిన ఫారాలు. ఇరవై రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, తలుపు తట్టి, ఏం పని చేస్తున్నారు, పిల్లలు బడి ఎందుకు మానేశారు అని అడిగి రాసుకొచ్చిన మనిషి. ఆ ఫారాల మీద పెద్దసారు పుస్తకాలు రాశాడు, సభల్లో మాట్లాడాడు, శాలువాలు కప్పించుకున్నాడు. ఫారాలక్కకు మడమల్లో పగుళ్ళు మిగిలాయి. అయినా ఆ పనంటే ఆవిడకు గర్వమే. "మేం రాస్తేనే కదా వాళ్ళకు లోకం తెలిసేది" అనేది, ఎదుటివాళ్ళు విన్నా వినకపోయినా.

పెద్దసారంటే ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. తొమ్మిదేళ్ళ కిందట ఆయనకొక ప్రశ్న పుట్టింది. కుట్టుపని నేర్పిస్తే ఆడవాళ్ళకు ఉద్యోగాలు దొరుకుతాయా, దొరకవా? ఊళ్ళో కుట్టు శిక్షణ కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ నేర్చుకున్నవాళ్ళ పేర్లు ఒక జాబితా, దరఖాస్తు పెట్టినా చోటు దొరకనివాళ్ళ పేర్లు ఇంకో జాబితా. ఫారాలక్కతో కలిపి అయిదుగురు సర్వేవాళ్ళు ఆ రెండూ పట్టుకుని బయల్దేరారు. నిబంధనలో ఏ తికమకా లేదు. ఇంటికి తాళం ఉంటే మూడుసార్లు వెళ్ళాలి, వేర్వేరు వేళల్లో, ఒకసారైనా సాయంత్రం. అప్పటికీ మనిషి దొరక్కపోతేనే తర్వాతి పేరుకు పోవాలి.

ఆ నిబంధన రాసినాయన ఎండలో నాలుగంతస్తులు ఎక్కి చూస్తే తెలిసేది. రోజుకు పది ఫారాలు తెచ్చి తీరాలన్నాడు పర్యవేక్షకుడు. ఒక్కో ఇంటికి మూడేసి సార్లు తిరగడానికి అవి కాళ్ళా, చక్రాలా? మొదటి వారం తిరక్కుండానే ఆ పర్యవేక్షకుడే గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. తాళం కనిపించగానే అక్కడే నిలబడి మూడు గళ్ళలోనూ టిక్కులు పెట్టేయండి, ముందుకు కదలండి అని. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'తాళం మూడు'. టీ కొట్టు దగ్గర "ఇవాళ నీకెన్ని తాళం మూడులు పడ్డాయి?" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు కూడా.

ఫారాలక్కకు అది అబద్ధంగా తోచలేదు. మనుషులు చెప్పింది మార్చి రాస్తే అబద్ధం గానీ, ఇంట్లో లేని మనిషి గురించి తను ఏం రాసింది గనక? అయినా మనసు ఊరుకోక, తన ఇంటి వెనక సందులో మాత్రం, పని ముగించుకుని వస్తూ సాయంత్రాలు మళ్ళీ తలుపు తట్టేది. అలా పదకొండు మంది దొరికారు. పదకొండు మందీ కుట్టు నేర్చుకున్నవాళ్ళే, పదకొండు మందీ బట్టల కార్ఖానాలకు పనికి పోతున్నవాళ్ళే. ఆవిడ ముచ్చటపడి ఫారాల్లో రాసుకుంది, తర్వాత మరిచిపోయింది.

పెద్దసారు లెక్కలు కట్టి తేల్చాడు: కుట్టు నేర్పినా ఒకటే, నేర్పకపోయినా ఒకటే. అది పేరున్న పత్రికలో అచ్చయింది. మరుసటేడు కేంద్రం మూసేశారు. కుట్టుమిషన్లను లారీకెక్కించి ఎటో తీసుకుపోయారు. అక్కడ పదమూడేళ్ళు కుట్టు నేర్పిన టీచరమ్మ ఫారాలక్క సొంత చెల్లెలు.

చెల్లెలు ఇప్పుడు ఒక దుకాణంలో మెట్ల కింద కూర్చుని ప్యాంట్ల అంచులు మడిచి కుడుతుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు. భోజనాల దగ్గర "ఆ రిపోర్టు రాసిన చెయ్యి పడిపోను!" అని చెల్లెలు తిట్టినప్పుడల్లా ఫారాలక్క వంత పాడేది. ఆవిడ దృష్టిలో ఆ చెయ్యి పెద్దసారుది.

ఈ ఏడు ఎండాకాలంలో ఒక అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. వేరే యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. కొత్తది కనిపెట్టడానికి కాదు, పెద్దసారు చేసినదాన్ని మొదట్నుంచీ మళ్ళీ చేసి చూడటానికి. పాత ఫారాల నకళ్ళు పెట్టెడు తెచ్చి చాప మీద పరిచింది.

"ఆంటీ, ఈ తాళాలు చూడండి. మూడు టిక్కులూ ఒకే కలం, ఒకే ఊపు. నిజంగా మూడుసార్లు వెళ్ళారా?"

"వెళ్ళాం" అంది ఫారాలక్క, నోటికి అలవాటైన మాట.

అమ్మాయి రెట్టించలేదు. "పొద్దున పదింటికి తాళం వేసుకుని ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తారాంటీ?"

"ఎక్కడికేంటమ్మా, పనికి."

అన్నాక ఆవిడకే వెలిగింది. పని దొరికినవాళ్ళు తాళం వేసుకుని పనికి పోయారు. రెండు జాబితాల్లోనూ దొరికింది ఇంట్లో ఉన్నవాళ్ళే. ఇంట్లో ఉన్నవాళ్ళకూ ఇంట్లో ఉన్నవాళ్ళకూ తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

"జరిగింది రాసివ్వండి ఆంటీ. పత్రిక సవరణ వేస్తే, కేంద్రం మళ్ళీ తెరవమని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది."

ఫారాలక్క ముందు చెల్లెలికి చెప్పింది. చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెల్లెలు చేతిలో కత్తెర చేతిలోనే ఉంచుకుని విన్నది.

"అంటే ఆ తాళాలన్నీ నా దగ్గర నేర్చుకున్న పిల్లలవా?"

"అన్నీ కాదే, చాలామటుకు."

"నువ్వు ఆ గుమ్మాల ముందు నిలబడే వచ్చావా అక్కా?"

చెల్లెలు వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే అటక మీంచి కేంద్రం హాజరు పుస్తకం దించి, దుమ్ము దులిపి, ఒక్కో పేరు పక్కన ఎవరు ఎక్కడ పని చేస్తున్నారో రాయడం మొదలుపెట్టింది. "నువ్వు రాసివ్వు అక్కా. ఇదీ జతచేద్దాం" అంది. కాస్త ఊపిరాడినట్టయింది ఫారాలక్కకు. పత్రికకు నాలుగు పేజీల ఉత్తరం దాపరికం లేకుండా రాసింది. తాళం మూడు సంగతి, పర్యవేక్షకుడి ఉపాయం, అయిదుగురూ చేశారన్న మాట, అన్నీ. చెల్లెలి పుస్తకం ఇంకా పూర్తికాలేదు, అందుకని ఉత్తరం ఒక్కటే ముందు పంపారు.

మిగతా నలుగురినీ పత్రికవాళ్ళు విడివిడిగా అడిగారు. నలుగురూ మూడుసార్లూ వెళ్ళామన్నారు. వాళ్ళలో ఎండకీ వానకీ గొడుగు విడవని ఒకాయన ఉండేవాడు, అందరూ గొడుగు బాబాయి అనేవాళ్ళు. ఆయనైతే ప్రమాణం కూడా చేశాడట. ఫారాలక్క ఆయనింటికి వెళ్ళి నిలదీసింది.

"ఏంటి బాబాయ్, తాళం మూడు పేరు పెట్టిందే నువ్వు!"

"నాకింకా మూడేళ్ళ నౌకరీ ఉందమ్మా" అన్నాడు ఆయన, గుమ్మంలోంచి పక్కకు తప్పుకోకుండానే. పర్యవేక్షకుడు అసలు ఆవిడ ఎవరో గుర్తులేదన్నాడు.

చలికాలం మొదట్లో అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి పెట్టె లేదు, పత్రిక నుంచి వచ్చిన ఒక్క కాగితం. నిలబడే చదివింది. సర్వేసిబ్బందిలో ఒకరు నిబంధనలు పాటించలేదని స్వయంగా ఒప్పుకున్నందున ఆమె తెచ్చిన రెండు వందల పద్నాలుగు ఫారాలనూ తొలగించి లెక్క మళ్ళీ చూశారు. ఫలితం మారలేదు. పైగా మునుపటికంటే స్పష్టమైంది. ఈ లోపాన్ని దాచకుండా సరిదిద్దినందుకు పత్రిక పెద్దసారును అభినందిస్తోంది.

"స్పష్టమవడం ఏంటమ్మా?" అంది ఫారాలక్క.

"మొత్తం ఫారాల్లో పని దొరికినవాళ్ళు కనిపించింది ఎక్కువగా మీవాటిల్లోనే ఆంటీ. మీ వెనక సందువాళ్ళు. మీవన్నీ తీసేస్తే వాళ్ళూ పోయారు." అమ్మాయి కాగితం మడిచింది. "నా వ్యాసాన్నీ తిప్పి పంపారు. కొత్త విషయమేమీ లేదన్నారు."

సాయంత్రం చెల్లెలు వచ్చేసరికి ఫారాలక్క దీపం వెయ్యకుండా కూర్చుని ఉంది. చెల్లెలే స్విచ్చు నొక్కింది, మొహం చూసింది, చెప్పులు విప్పకుండానే అడిగింది.

"పత్రిక జవాబొచ్చిందా? తాళం మూడులు తీసేశారా?"

"నావి మాత్రమే తీసేశారు."

"ఆ పదకొండు మందీ?"

"వాళ్ళూ పోయారు."

"గొడుగు బాబాయివి?"

"ఉన్నాయి. ఆయనవి ఒక్కటీ కదపలేదు."

తప్పు చేసినప్పుడు ఆవిడ మాట చెల్లింది, దాంతో ఒక కేంద్రం మూతపడింది. తప్పు చేశానని చెప్పినప్పుడు ఆవిడ మాటతో బాటు నిజంగా చూసి రాసిన పదకొండు మందినీ ఊడ్చేశారు. నోరు మూసుకుని ఉంటే వాళ్ళయినా మిగిలేవారు. ఈ ముక్క చెప్పక్కర్లేకుండానే చెల్లెలికి అర్థమైంది.

చెల్లెలు గూట్లోంచి హాజరు పుస్తకం తీసింది. మూడొందల పేర్లలో రెండొందల దాకా పక్కన ఎర్ర సిరాతో రాసేసింది. ఫలానా కార్ఖానా, ఫలానా దుకాణం, సొంతంగా ఇంట్లోనే, మొగుడితో కలిసి. ఆ పూట కూడా ఎవరినో దారిలో కలిసి కనుక్కుని వచ్చినట్టుంది, కలం మూత తీసి ఒక పేరు పక్కన రాయబోయి ఆగింది.

"ఇది ఎవరికిద్దామక్కా?"

ఫారాలక్క ఇరవై రెండేళ్ళలో తను తట్టిన గుమ్మాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంది. ఇచ్చే చోటు ఒక్కటీ తట్టలేదు.

"నాకివ్వవే" అంది. ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టింది.