పందెం మానిన గుర్రానికి ఉలవలు

ఈ సంగతి రాసి పెట్టకపోతే ఇంకో సంగతి నిలిచిపోతుంది. నేను పుస్తకాలు చూసి గుర్రాన్ని దారికి తెచ్చానని మా చుట్టుపక్కల ఇప్పటికే చెప్పుకుంటున్నారు. వినడానికి నాకూ బాగానే ఉంటుంది. కానీ ఆ గుర్రాన్ని దాదాపు పోగొట్టింది కూడా నా చదువే. రేపు ఇంకెవరైనా ఇలాంటి గుర్రాన్ని తెచ్చుకుంటే నా తప్పు వాళ్లు చేయకూడదని రాస్తున్నాను.

నేను బడికి వెళ్లింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా పాల్వంచ గ్రంథాలయంలో జరిగింది. మా ఆయన థర్మల్ ప్లాంటులో షిఫ్టుకు పోతే నేను కూరగాయల సంచితో అక్కడికి పోయేదాన్ని. పత్రికలు అయిపోయాక వైద్యం, వ్యవసాయం, చరిత్ర, ఏ బీరువా తెరిచి ఉంటే ఆ బీరువా చదివాను. ఆయన రిటైరయ్యాక అడవి అంచున రెండెకరాలు కొని ఇల్లు వేసుకున్నాం. అయినా వారానికోసారి పాల్వంచ బస్సెక్కడం మానలేదు.

మా మరిది హైదరాబాదులో పందెం గుర్రాలను తోమి, మేపి, నడిపించే సాయిసు. ఒక వానాకాలం మొదట్లో ఫోన్ చేశాడు.

"వదినా, ఇక్కడ ఒక గుర్రానికి ముందు కాలు నరం దెబ్బతిన్నది. ఇగ ఉరకదు. పెండ్లి బరాత్‌లకు తిప్పేటాయన అడుగుతున్నడు. బ్యాండు, పటాకులు, డాంబరు రోడ్డు. ఆ కాలుతోని ఏడాది గూడ నిలబడది. మీకు జాగ ఉన్నది గదా."

"మాకు తెలిసింది బర్రెలేనయ్యా."

"తెల్వకుంటే సదువుకుంటవు గదా వదినా."

ఆ మాటకు పడిపోయాను. గుర్రం యజమాని రెండు నెలలు గడువిచ్చాడు. ఆ తర్వాత గుర్రాల డాక్టరమ్మ వచ్చి చూస్తుంది. నిమ్మళంగా ఉంటే మాకే రాసిస్తారు. లేకపోతే బరాతుల ఆయన లారీ వచ్చి ఎక్కించుకుపోతుంది.

గుర్రం దిగిన రోజు చేను నిండా పచ్చగడ్డి ఉంది. అది గడ్డి వైపు చూడనే లేదు. తొట్టిలో పోస్తేనే తిండి అని దాని లెక్క. పక్కన మనిషి నడవకపోతే అడుగు వేసేది కాదు. మా కొట్టానికి తలుపే లేదు, అయినా ఎవరో వచ్చి తలుపు తీస్తారన్నట్టు గుమ్మంలోనే నిలబడేది.

నేను గ్రంథాలయానికి పరుగెత్తాను. సైన్యంలో గుర్రాల పోషణ మీద అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి దొరికింది. ఏ పూట ఎన్ని ఉలవలు, ఎంత తవుడు, ఎంత బెల్లం, అన్నీ ఉన్నాయి. ఇంటికి తెచ్చి, నోటుబుక్కులోకి ఎక్కించుకుని అక్షరం తప్పకుండా పెట్టాను.

ఇది చాలదన్నట్టు ఊరి మర్యాద ఒకటి తోడైంది. దూరం నుంచి వచ్చిన ఎద్దుకు ఉలవలు ఉడకబెట్టి పెట్టడం మా వైపు ఆనవాయితీ. గుర్రమంటే ఉలవలే కదా అని పక్క చేలవాళ్లు గిన్నెలతో గుగ్గిళ్లు తెచ్చారు. "పట్నపు జీవం, మొగమాటపడుతున్నదేమో" అంటూ ఒకామె పైన బెల్లం కూడా చల్లింది.

మూడో వారానికి గుర్రం మాట వినడం మానేసింది. కొట్టం దడిని రెండుసార్లు తన్ని విరగ్గొట్టింది. దెబ్బతిన్న కాలుతోనే చేను చుట్టూ నురగలు కక్కేలా పరుగెత్తింది. కాలు వాచింది. మా ఆయన భుజం పట్టి కొరికింది.

"ముప్పై ఏండ్లు బాయిలర్ కాడ జేసిన," అన్నాడు ఆయన భుజం రుద్దుకుంటూ. "గింత ప్రెషర్ గాడ గూడ చూడలే."

నేను మళ్లీ పుస్తకం తెరిచాను. ఒంట్లో బలం లేకనే ఈ చిరాకు అని తేల్చుకుని పూటకు ఇంకో దోసెడు పెంచాను.

మరిది ఫోన్ చేశాడు. "డాక్టరమ్మకు ఏం జెప్పాలె వదినా?"

"ఇంకా నెల ఉంది. నెల నిండేదాకా లారీ మాట ఎత్తకు," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. ఏం చేయాలో మాత్రం తెలియదు.

పక్క చేను అవ్వ అప్పటిదాకా ఒక్క గిన్నె కూడా తేలేదు. పిసినారి అనుకున్నాను. ఆ రోజు దడి అవతల నిలబడి అడిగింది.

"ఇది ఏం పని జేస్తది బిడ్డా?"

"ఏం చేయదవ్వా. పని అయిపోయింది దానికి."

"మరి గిన్ని ఉలవలు ఎందుకు? నా ఎడ్లకు దున్నే దినాలల్లనే పెడ్త. పని లేనప్పుడు గడ్డే. పని లేనోనికి దున్నేటోని బువ్వ పెడితే ఊర్ల లొల్లి జేస్తడు." మా ఆయన వైపు చూసింది. "ఈయనకు గూడ జర తగ్గియ్యి."

లోపలికి పోయి నోటుబుక్కు తీశాను. పేజీ పైన నా చేతిరాతే ఉంది: రోజంతా రౌతును మోసే గుర్రానికి. రాసుకున్నాను, ఆలోచించలేదు. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

ఒక్కసారే ఆపితే కడుపు చెడుతుందని మరిది హెచ్చరించాడు. అందుకని రోజుకో గుప్పెడు తగ్గించాను. ఇల్లిల్లూ తిరిగి గుగ్గిళ్లు తేవద్దని చెప్పాను. బెల్లం చల్లినామె నొచ్చుకుంది. "మా ఇంటి ఉలవలు దానికి పడలేదా?" అంది. "పెట్టాలనుంటే గుర్రాన్ని మీ కొట్టంలోనే కట్టేస్తా," అన్నాను. మళ్లీ తేలేదు.

గడ్డి మేయడం నేర్పడానికి అవ్వ తన ముసలి ఎద్దును తోలుకొచ్చింది. "మనం జెప్తే ఇంటదా? పక్కపొంటి ఇంకోటి మేస్తుంటే అదే జూసి నేర్సుకుంటది." మూడు రోజులు గుర్రం తల పైకెత్తి ఎద్దును చూస్తూ నిలబడింది. నాలుగో రోజు దాని పక్కనే మూతి కిందికి దించి ఒక పరక కొరికింది.

కాలి వాపు తగ్గాక పొద్దునా సాయంత్రం తాడు పట్టుకుని అడవి దారిన నడిపించాను. వాన పడినా మానలేదు. మొదట పక్కనే నడిచాను. తర్వాత ఒక అడుగు ముందు, తర్వాత నాలుగడుగులు. మోకాళ్లు నొప్పులని ఆయన వద్దన్నా వినలేదు. ఆ లారీ మా దారిన రాకూడదు, అంతే.

డాక్టరమ్మ వచ్చిన రోజు కొట్టంలో గుర్రం లేదు. చేను చివర ఎద్దు నిలబడి ఉంది. దాని పక్కన గుర్రం నేలమీద పడి ఉంది, నాలుగు కాళ్లూ చాపి, మెడ వాల్చి. నేను పరుగెత్తబోతే డాక్టరమ్మ చేయి పట్టుకుంది.

"ఆగండమ్మా. నిద్రపోతోంది, లేపకండి."

"చచ్చిపోయిందనుకున్న," అన్నాడు మా ఆయన.

"అక్కడ ఉన్నన్నాళ్లూ ఇది నిలబడే కునుకు తీసేది. భయం ఉన్న గుర్రం ఇట్లా బయట ఒళ్లు వాల్చదు," అందామె.

అది లేచేదాకా గట్టు మీద కూర్చున్నాం. లేచాక కాలు నొక్కి చూసి, జీపు బానెట్ మీద కాగితం పెట్టి మా పేరు రాసింది.

పేర్లు అచ్చులో వద్దని అందరూ అన్నారు. అందుకే వరసలు పెట్టి కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. నమ్మి పంపిన మరిదికి. గడువు తేదీ దాటినా పుస్తకాన్ని నా దగ్గరే ఉంచనిచ్చిన గ్రంథాలయం సారుకు. పాల్వంచ పాత టౌను నుంచి బండి మీద వచ్చి, ఇక పరుగు లేని గుర్రం గిట్టల నుంచి నొప్పి తెలియకుండా ఇనుప నాడాలు ఊడదీసిన భాయ్‌కి. గిన్నెలు తెచ్చిన ఇరుగుపొరుగుకు, వద్దంటే ఆపినందుకు ఇంకా ఎక్కువగా. నిద్ర లేపనివ్వని డాక్టరమ్మకు. ఎద్దును ఇచ్చిన అవ్వకు. కొరికించుకున్నా పంపించేద్దామని ఒక్కసారి కూడా అనని మా ఆయనకు.