పదిహేడో నెంబరు బుట్ట

మా కాలనీ వాళ్ల బాల్యం ఎంత తీయనిదో నాకు ఆ వేసవిలోనే తెలిసింది. హుకుంపేటలో నాది డీటీపీ, జిరాక్స్ షాపు. కాలనీకి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా చిన్ననాటి జ్ఞాపకాల పుస్తకం వెయ్యాలని పెద్దలు తీర్మానించి, చేతిరాత కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశారు. యాభై ఏళ్లు యాభై రెండో ఏట నిండాయి, అది వేరే సంగతి. ఇంటికొకటి చొప్పున ముప్ఫై తొమ్మిది జ్ఞాపకాలు. అందరూ టైరు దొర్లించారు. అందరూ వాగులో ఈదారు. అందరూ "ఆ రోజులే వేరు" అని ముగించారు. టైపు చేస్తూ చేస్తూ నాకు షుగరు వస్తుందేమోనని భయపడ్డాను.

ఆ రోజులు ఎలా వేరో మా నాన్న మోసెస్ చెప్పగా విన్నాను. బంగ్లాదేశ్ యుద్ధం అయిన మరుసటేడు, రిజర్వాయరులో మునిగిన మూడు ఊళ్ల వాళ్లను లారీల్లో తెచ్చి ఈ గుట్ట మీద దింపారు. నాలుగు వరసలు, వరసకు పది రేకుల ఇళ్లు, తలుపుల మీద తారుతో నెంబర్లు. మనుషులకి అప్పటిదాకా ఇంటి పేర్లుండేవి, ఇక్కడ నెంబర్లొచ్చాయి. ఎండాకాలం రేకుల కింద ఉడికేవాళ్లు, శీతాకాలం వణికేవాళ్లు. నలభై ఇళ్లకీ ఒకటే కుళాయి. బడిలో మధ్యాహ్నం అమెరికా గోధుమ రవ్వ ఉప్మా. ఆ ఉప్మాలో పురుగులు ఏరుకున్న సంగతి మాత్రం ముప్ఫై తొమ్మిది మందిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

రాయనిది పదిహేడో నెంబరు ఒక్కటే. అది కనకది.

కనకని నేను అత్తా అంటాను. వరసకేమీ కాదు, చిన్నప్పటి నుంచీ అలవాటు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు, గుట్ట వాలులో ఎకరం కాఫీ తోట చూసుకుంటుంది. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఆశ్రమ పాఠశాలలో వంట చేసింది. ఎవరైనా గొప్పలు చెప్పుకుంటుంటే "ఊఁ" అని ఒక్క మూలుగు మూలుగుతుంది. ఆ మూలుగుకి సంతలో బేరగాళ్లే జంకుతారు. కాలనీలో ఆమెకి నోటి దురుసని పేరు. మామిడి దొంగ అని ఇంకో పేరు కూడా ఉంది. అది వెనక అనుకునేది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. కాలనీ వాళ్లకి మామిడి కొత్త అని పండగ ఉంది. చైత్రంలో కొత్త కాయలు కోసి, ప్రతి ఇంటి నుంచీ ముక్కలు ఒక బుట్టలో తెచ్చి, ఊరి నడుమ నిలబెట్టిన రాయి దగ్గర పూజారి చేతికిస్తారు. ఆయన ఇంటి పేరు పిలిచి బుట్ట తీసుకుంటాడు. ఆ తర్వాతే ఎవరైనా మామిడికాయ కొరకాలి. ముందే తింటే ఊరికి కీడు. మాది చర్చి ఇల్లు కాబట్టి మాకా కట్టుబాటు లేదు. మేం ఎప్పుడు పడితే అప్పుడు తినేవాళ్లం, మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు.

కాలనీ కట్టిన మూడో ఏడు, పండగకి వారం ముందు, పదిహేడో నెంబరు పెరట్లో మామిడి తొక్కలూ కొరికిన జీడీ కనబడ్డాయి. ఆ వారంలోనే వాంతులూ విరేచనాలూ పట్టుకుని నలుగురు పసిపిల్లలు పోయారు. కుళాయి ట్యాంకులో కుళ్లిన కాకి దొరికింది. మా నాన్నే దిగి తీశాడు. అయినా తప్పు కాకి మీదికి పోలేదు. తొమ్మిదేళ్ల కనక మీదికి పోయింది. కాకిని పంచాయితీకి పిలవలేరు కదా.

పూజారి తీర్పు చెప్పాడు. తిన్న మనిషి రాయి ముందు నిలబడి తన నోటితో ఒప్పుకుని పుంజుని ఇస్తే తప్పు తీరిపోతుంది. అంతవరకూ ఆ ఇంటి బుట్ట ముట్టుకోరు, ఆ ఇంటి ఆడవాళ్లని పండగ రోజు ఆడే థింసా నాట్యం వరసలోకి రానివ్వరు. చూడబోతే చాలా చిన్న శిక్ష. ఒక్క మాట, ఒక్క కోడి. "ఒప్పేసుకోవే గుంటా, పోద్ది" అని అందరూ నచ్చజెప్పారట. తొమ్మిదేళ్ల పిల్ల "నాను తిన్లేదు" అంది. తల్లి బుద్రి "దాని మాటే నా మాట" అంది.

తల్లీ కూతుళ్లు ఆ మాట మీదే ఉండిపోయారు. బుద్రి బతికినన్నాళ్లూ ఏటేటా బుట్ట నింపుకుని వెళ్లి వరస చివర కూర్చునేది. పూజారి మిగతా బుట్టలన్నీ తీసుకుని వెళ్లిపోయేవాడు. ఆమె బుట్ట ఇంటికి తెచ్చి ఆవు ముందు పోసేది. కనకకి సాలూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లూ అదే అడిగారు, పెళ్లికి ముందు ఆ మాటేదో అనేసి తప్పు తీర్చుకోమని. కనక "ఊఁ" అంది. వాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

అన్నిటికంటే నాకు మండేది ఇది. తమ బుట్ట దేవుడికి ఎక్కనిదే కాయ తినకూడదు కాబట్టి తల్లీ కూతుళ్లు మళ్లీ మామిడికాయ ముట్టలేదు. సంతలో కొన్నది కూడా. ఆశ్రమ పాఠశాలలో మామిడికాయ పప్పు వండినరోజు ఉప్పు చూడ్డానికి వేరే మనిషిని పిలిచేది కనక. నలభై తొమ్మిదేళ్లుగా మామిడి దొంగ అనిపించుకుంటున్న మనిషికి మామిడికాయ రుచే గుర్తు లేదు. బుద్రి ఆ రుచి మర్చిపోయే చచ్చిపోయింది.

పుస్తకానికి సంపాదకుడు ఫల్గుణ మేస్టారు. ఈమధ్యే హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. జేబులో రెండు పెన్నులు, నోట్లో గ్రాంథికం. ఆ తీర్పు చెప్పిన పూజారి కొడుకే ఆయన, ఇల్లు పదహారో నెంబరు. కనక తన తల్లి సంగతి రాయించుకు వస్తానంటే ఆయన వద్దన్నారట. మధురమైనవే కావాలట. చేదు జ్ఞాపకాల వల్ల సంచిక శోభ చెడుతుందట.

ఆయన వద్దన్న మర్నాడే కనక మిరియాల సంచీ చంకన పెట్టుకుని నా షాపుకొచ్చింది.

"నాదీ టైపు సెయ్యి డాలీ. పుస్తకంలో ఎయ్యకపోతే మానీ. ఓ కాయితం ఉంటే సాలు. మాయమ్మ దొంగ ముండని కనలేదని ఒక సోట రాసుండాల."

"కూర్చో అత్తా. చేతిలో ఉన్నది ఒకటి అవగొట్టి నీది మొదలెడతాను."

చేతిలో ఉన్నది ఫల్గుణ మేస్టారిదే. టైపు చేసేటప్పుడు పైకి చదవడం నాకు అలవాటు. "మధుర" అనే మాట అప్పటికి పదకొండోసారి కొడుతున్నాను. తర్వాత పేరా ఇలా ఉంది:

"మా ఇంటికీ పదిహేడో నెంబరుకీ నడుమ ఒక మామిడి చెట్టు ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, కొత్త పండగకు వారం ముందే, పూజారి అయిన మా తండ్రిగారి కంటబడకుండా రేకులపైకెక్కి, ఉప్పూ కారం అద్దుకుని ఆ లేత కాయలు ఆరగించేవాడిని. సాక్ష్యం దొరకకుండా తొక్కలూ జీడీ పక్కింటి పెరటిలోకి విసిరేవాడిని. ఎంతటి కొంటెతనం! ఆ మధుర క్షణాలు మరల రావు."

నా వేళ్లు ఆగిపోయాయి. తిరిగి చూస్తే కనక కదలకుండా కూర్చుని ఉంది.

"మళ్లీ సదువు," అంది.

చదివాను.

"ఇంకోపాలి."

మూడోసారి చదివాను. ఈయన దాచలేదు, అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. దాచుకునేంత పెద్ద సంగతని కూడా ఆయనకి తోచలేదు. ఎనిమిదో తరగతి, ఉప్పు, కారం, రేకులు, అన్నీ గుర్తున్నాయి. పక్కింటి పెరట్లో మనుషులుండేవారని గుర్తులేదు. తనకి దెబ్బ తగలని చోట ఎవరికైనా బాల్యం మధురంగానే ఉంటుంది.

"ఇప్పుడే ఆయన ఇంటికెళ్లి ముఖాన కొడతాను అత్తా," అన్నాను.

"ఎల్లకు. సెప్తే సింపేత్తాడు. మేస్టరు కదా, తప్పులు దిద్దడం అలవాటు." చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఒక్క అచ్చరం మార్సకు. అది కాయితం మీద ఉంటే సాలదు. రాయి కాడ, ఆడి నోటితోనే రావాల."

తన కాగితం సంగతి మర్చిపోయి, మిరియాల సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాతి పని నాది. ప్రూఫు ఇవ్వడానికి వెళ్లి మేస్టారిని మునగచెట్టు ఎక్కించాను. "అన్నిట్లోకీ మీదే బాగుంది మేస్టారూ. ముఖ్యంగా ఆ మామిడికాయల పేరా. పండగ రోజు మైకులో మీ గొంతుతో మీరే చదవాలి." ఆయన నిచ్చెన కూడా అడగలేదు. అద్దం ముందు నాలుగు రోజులు సాధన చేశారని తర్వాత తెలిసింది.

కొత్త పండగనాడే పుస్తకం విడుదల పెట్టుకున్నారు. రాయి పక్కనే షామియానా వేశారు. ఫ్లెక్సీ మీద మేస్టారి ముఖం రాయి కంటే పెద్దగా ఉంది. ముందు పుస్తకం, తర్వాత పూజ. ఆడవాళ్లంతా బుట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తల్లి పోయాక బుట్ట తెస్తున్న కనక ఎప్పటిలాగే చివర. ఇప్పటి పూజారి సోంబరు, మేస్టారి తమ్ముడి కొడుకు, రాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

మేస్టారు చదవడం మొదలెట్టారు. టైరు దగ్గర జనం నవ్వారు. వాగు దగ్గర చప్పట్లు కొట్టారు. మామిడి చెట్టు దగ్గర కుర్రాళ్లు ఈలలు వేశారు. ముసలివాళ్లు మాత్రం నవ్వలేదు. ముందు వరసలో ఒకామె బుట్ట కింద పెట్టి వెనక్కి తిరిగి కనక వైపు చూసింది. ఆ పక్కామె కూడా తిరిగింది. వరస వరసే తిరిగింది.

సోంబరు లేచి నిలబడ్డాడు. "పెదనానా, అది ఏ ఏడు?"

"నేను ఎనిమిదో తరగతి నాయనా. అదే, కాలనీలో రోగాలొచ్చి పిల్లలు..." మేస్టారు ఆగిపోయారు. కాగితం చేతిలోనే ఉంది. దాన్ని ఎవరో తనకి తెలియకుండా మార్చేసినట్టు మళ్లీ చూసుకున్నారు.

"పక్కిల్లంటే పదిహేడే కదా?"

మేస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయారు.

"రాయి ఎదర సెప్పు పెదనానా. తిన్నదెవలు?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అరవై రెండేళ్ల హెడ్మాస్టరు గ్రాంథికం ఒక్క క్షణంలో రాలిపోయింది. "నానే తిన్నాను. సిన్నతనం రా. అప్పుడు నాకేటి తెల్సు?"

సోంబరు రాయి దగ్గర్నుంచి బయల్దేరాడు. అన్ని బుట్టల్నీ దాటుకుంటూ వరస చివరికి నడిచాడు. కనక ముందు వంగి చేతులు చాపాడు. కనక బుట్ట వదల్లేదు.

"మాయమ్మ పేరు సెప్పి తీసుకో," అంది.

"పదిహేడో నెంబరు, బుద్రి ఇల్లు," అని సోంబరు గట్టిగా పిలిచాడు. అప్పుడిచ్చింది.

పూజ అయ్యాక మేస్టారు కనక దగ్గరికొచ్చారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు పెన్నులూ సర్దుకున్నారు.

"కనకా, నీ మీద పడింది నా తొక్కల వల్లేనని నాకు గుర్తే రాలేదు."

"మిగతాదంతా గుర్తుంది కదా మేస్టారూ, ఉప్పూ కారంతో సహా. పుస్తకంలో రాసినారు." కనక ఆయన వైపు తిరగకుండానే చెప్పింది. "పుంజుని రేపు బేగి తెచ్చీండి. మాయమ్మ సాన్నాళ్లు ఎదురు సూసింది."

ఆయన వెళ్లిపోయారు. థింసా మొదలైంది. నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి కనక చెయ్యి పట్టి లాగారు. నలభై తొమ్మిదేళ్లు రానివ్వని వాళ్లకి ఇప్పుడు ఎక్కడ లేని తొందర. "మోకాళ్లు నొప్పి, మీరాడండి" అని పంపేసింది. నేను ఆకులో రెండు ముక్కలు తెచ్చి ఇచ్చాను. ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ముఖమంతా ముడుచుకుపోయింది.

"ఇంత పులుపా," అంది. "దీనికేనా డాలీ?"

నేను ఆకు వెనక్కి తీసుకోబోయాను. ఆమె రెండో ముక్క కూడా తీసుకుని తింది.