వైవా రికార్డులో ఉన్న తెలుగు

జూన్ నెల మొదటి గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. మెల్‌బోర్న్‌లో నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో, నాలుగో అంతస్తులో, కిటికీ లేని చిన్న గది. డైనమిక్స్ వైవా జరుగుతోంది.

డైనమిక్స్ అంటే కదిలే వస్తువుల లెక్క. మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు చాలామంది మొదట బోర్లా పడేది అక్కడే. నేను ప్రొఫెసర్ని కాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గంటల లెక్కన ట్యుటోరియల్ క్లాసులు తీసుకుంటున్నాను. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. బెజవాడలో లారీల షెడ్డులో పనిచేసేవాణ్ణి. స్పానరు మీది నంబరు చదవలేక, బోల్టును చూసి స్పానరు తీసేవాణ్ణి. తరవాత రాత్రిబడి, ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్, ఇక్కడికి రావడం. అదంతా వేరే కథ. అది చెప్పుకుని గొప్పలు పోయే ఓపిక నాకు లేదు.

ప్రతి ఏడూ మొదటి వారం బోర్డు మీద లారీ బొమ్మ గీసి ఒకటే అడుగుతాను. ఇంజను తిప్పేది వెనక చక్రాన్ని, లారీ ముందుకు లాగుతోంది, వెనక చక్రం మీద రోడ్డు ఘర్షణ ఎటు? క్లాసంతా వెనక్కే బాణం వేస్తుంది. ఘర్షణ అంటే అడ్డుపడేదని స్కూల్లో బట్టీపట్టారు మరి. ఆ చక్రం రోడ్డును వెనక్కి తంతుంది, రోడ్డు చక్రాన్ని ముందుకు తోస్తుంది. దిగబడ్డ లారీ వెనక నిలబడి మొహాన బురద కొట్టించుకున్నవాడికి ఇది చెప్పక్కర్లేదు. ఈ ఏడు ఒక్కడు ముందుకు బాణం వేశాడు.

అతనిది కరీంనగర్ వైపు. ముప్ఫై దాటాయి. ఊరి శివార్లలో, క్రెయిగీబర్న్‌లో, మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటూ, లారీ టైర్ల షాపులో పనిచేసుకుంటూ చదువుతున్నాడు. క్లాసులో సార్ అనేవాడు, ఇండియన్ షాపులో కనబడితే అంకుల్ అనేవాడు. ఈ సబ్జెక్టు అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే కోర్సు నుంచి తీసేస్తారు. కోర్సు పోతే స్టూడెంట్ వీసా పోతుంది. ఆ సంగతి అతనే చెప్పాడు, పెరుగు డబ్బాల ఫ్రిజ్ దగ్గర నిలబడి, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

ఇంటి దగ్గర చేసుకొచ్చే అసైన్‌మెంట్లను చాట్‌బాట్ల చేత చేయిస్తున్నారని, ఇప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి పది నిమిషాలు ప్రశ్నలడుగుతున్నాం. మాట్లాడిందంతా రికార్డవుతుంది. అడిగేది ఇద్దరం. నేను, సబ్జెక్టు నడిపే లెక్చరరు. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన తెల్లమ్మాయి, నా కూతురికంటే చిన్నది.

అతని అసైన్‌మెంటు తప్పు లేకుండా ఉంది. బరువేసుకుని గుట్ట ఎక్కుతున్న లారీ, వెనక చక్రాలు జారకుండా ఎంత త్వరగా వేగం పుంజుకోగలదన్నది లెక్క. బొమ్మ చేత్తో గీసింది. బాణాలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. కింద ఈక్వేషన్లు, పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు. లెక్చరరు అడిగింది: తిప్పే బలాల లెక్క గురుత్వ కేంద్రం చుట్టూ కట్టావు, చక్రం నేలను తాకే చోటు చుట్టూ ఎందుకు కట్టలేదు? నిలబడ్డ లారీకి ఎక్కడ కట్టినా ఒకటే. వేగం పెరిగే లారీకి అలా కుదరదు. ఈ మాట నేను క్లాసులో నాలుగు వారాలు చెప్పాను.

అతను లేచి మార్కరు తీసుకుని బోర్డు మీద లారీ గీశాడు. చక్రాలు గీశాడు. అక్కడ ఆగాడు. బోర్డు వైపే చూస్తూ తెలుగులో అన్నాడు.

“అంకుల్, బొమ్మ నేనే గీసిన. లెక్క మాత్రం చాట్‌బాట్ చేసిచ్చింది. షాపుల పనిచేసి ఇంటికొచ్చేసరికి తలకాయ పనిచేస్తలేదు. మీరు మనోళ్ళు, మీకు చెప్తున్న.”

“రికార్డవుతోంది బాబూ,” అన్నాను.

“అయితే ఏమాయె, ఆమెకేం తెలుస్తది. ఏదన్న సులువైంది అడుగుండ్రి, చెప్త. టైర్ల గురించి అడుగుండ్రి.”

ఏమంటున్నాడని లెక్చరరు నన్ను అడిగింది. మామూలుగానే అడిగింది. ప్రశ్న అర్థం కాక నన్ను అడుగుతున్నాడనుకున్నట్టుంది.

ప్రశ్న మళ్ళీ చెప్పమంటున్నాడంటే సరిపోయేది. ఆ మాట నా నోటిదాకా రాలేదు. అబద్ధం ఆడకూడదనీ అనుకోలేదు, నా మంచితనం అందులో ఏమీ లేదు. ఆవిడ అడిగింది, నేను చెప్పాను. బొమ్మ తనే గీశానంటున్నాడు, లెక్క చాట్‌బాట్ చేసిందంటున్నాడు, సులువైన ప్రశ్న అడగమంటున్నాడు. ఇంగ్లీషులో మూడు ముక్కలు.

ఇక్కడ జూన్ అంటే చలికాలం, హీటరు మోగుతోంది. అతను మార్కరుకు మూత పెట్టి, టక్కుమనేదాకా నొక్కాడు. అవును, అదే అన్నానని ఆవిడతో ఇంగ్లీషులో చెప్పాడు. బ్యాగు భుజాన వేసుకుంటూ నా వైపు తిరిగాడు.

“మంచిగ చెప్పిన్రు అంకుల్. ఒక్క ముక్క పోలె.”

ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతోంది.

“మళ్ళీ అడగమంటున్నాడని అంటే మీ సొమ్మేం పోయేది?”

“పోయేదేం లేదు.”

“మరి?”

“నోరు అటు తిరగలేదు.”

“రాత్రిబడిలో మీరు కునుకుతుంటే పంతులుగారు పలక లాక్కుని పొమ్మన్నాడా? టీనీళ్ళు పోయించి లేపి చెప్పేవాడని మీరే అంటారుగా.”

కాయలు తుంచడం అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. లోపల ఏదో ఒకటి కదులుతుందని చూశాను. పంటి డాక్టరు సూది పొడిచాక దవడ ఉంటుంది చూడండి, చేత్తో తడిమితే ఉంటుంది గాని మనది కాదు. అలా ఉంది. అన్నం మాత్రం బాగానే తిన్నాను.

అతను ఫెయిలయ్యాడు. సంగతి క్రెయిగీబర్న్ అంతా పాకింది. ఇండియన్ షాపతను నన్ను చూసి పక్కవాళ్ళతో, “సారొచ్చారు, తెలుగులో మాట్లాడకండి, ఇంగ్లీషులోకి పోద్ది,” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కందిపప్పు తీసుకుని వచ్చేశాను.

జూలైలో అతను అప్పీలు పెట్టుకున్నాడు. తను అన్నది ఒకటైతే నేను చెప్పింది ఇంకొకటనీ, తెలుగు తెలిసిన మూడో మనిషి చేత రికార్డు వినిపించమనీ. నేను అతని చోట ఉన్నా అదే చేసేవాణ్ణి. కమిటీవాళ్ళు ఒక అనువాదకుణ్ణి పెట్టి మాట మాటా రాయించి, నాకూ ఒక ప్రతి పంపారు. బొమ్మ గురించి ఉంది, చాట్‌బాట్ గురించి ఉంది, టైర్ల గురించి ఉంది. నేను ఆ రోజు లెక్చరరుకు చెప్పని వాక్యం కూడా ఒకటి ఉంది. మీరు మా సొంతమనిషి, అందుకే మీకు చెబుతున్నాను, అని.

ఆ వాక్యాన్ని ఎందుకు వదిలేశానో నాకు తెలియదు. మరిచిపోయి వదల్లేదు, ఇప్పటికీ అతని గొంతుతో సహా వినబడుతుంది. కాగితం మీద ఇంగ్లీషులో చాలాసేపు చూశాను. అక్షరాలు కొత్తగా నేర్చుకున్నప్పుడు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివేవాణ్ణి. ఆ కాగితం అలాగే చదివాను.

ఆ ఒక్క వాక్యం వదిలేసినందువల్ల అర్థమేమీ మారలేదని కమిటీ తేల్చింది. అప్పీలు కొట్టేశారు. ఆగస్టులో అతను కరీంనగర్ వెళ్ళిపోయాడు. నాకు చెప్పి వెళ్ళలేదు, చెబుతాడని నేనూ అనుకోలేదు.

అప్పీలు నడుస్తున్నప్పుడు కమిటీవాళ్ళు నన్నూ ఒక వాంగ్మూలం రాసిమ్మన్నారు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరెవరున్నారు. అతను ఏమన్నాడన్న చోట, వదిలేసిన వాక్యాన్ని కూడా రాసిచ్చాను. ఎవరెవరున్నారన్న చోట రాసింది ఇది: ప్రశ్న అడిగిన లెక్చరరు. టైర్ల షాపులో పనిచేసే విద్యార్థి. తలుపు బయట కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న పంజాబీ అమ్మాయి. నేను.