తెల్లగుడ్డ ముందు సింగిల్

మా కోవిల్‌పట్టి వైపు పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు తాళి కట్టే ఘడియ తప్పిపోయినా ఏదో ఒకటి చెప్పి బయటపడతారు గాని, ఇంట్లో ముసలివాళ్ళ సింగిల్ తప్పితే మాత్రం తల ఎత్తుకోలేరు. సింగిల్ అంటే పెద్ద విద్యేమీ కాదు. ఆ ఇంటి పెద్దామెనో పెద్దాయననో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, వెనక తెల్లగుడ్డ పట్టించి, ఒంటరిగా తీసే ఫొటో. అది ఎందుకో పెళ్ళికి వచ్చిన అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మనిషి పోయిన పూటకే ఊరి మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ లేవాలి. దాని మీద మొహం, మొహం చుట్టూ అచ్చు వేసిన దండ, కింద తమిళంలో కన్నీటి అంజలి. ఆ ఏడుపుల మధ్య ఫొటో ఎక్కడ వెతుకుతారు? అందుకే పెళ్ళిలో, కాస్త మంచి చీర కట్టి ఉన్నప్పుడే తీసి పెట్టుకుంటారు. ముసలివాళ్ళు అడిగితే ఆధారు కార్డుకని చెబుతాం.

నేనూ అలాగే చెబుతాను. నాకేం సిగ్గు లేదు. మండపాల్లో జరిగే పెద్ద పెళ్ళిళ్ళు నాకు రావు, వాటికి డ్రోన్లు ఎగరేసే మగవాళ్ళు ఉన్నారు. నాకు వచ్చేవి గుడిలో తాళి కట్టేసి, చేను గట్టునో, రాతిగుంత పక్కనో నిలబడి ఫొటోలు దిగే చిన్న పెళ్ళిళ్ళు. ఆడమనిషిని కాబట్టి పెళ్ళికూతురి కొంగు సర్దుతానని పిలుస్తారు. కొంగు సర్దుతాను, ఎండను తిడతాను, నవ్వమంటే పళ్ళనొప్పి మొహం పెట్టేవాళ్ళను అక్కడే కడిగేస్తాను. అయినా పిలుస్తారు, వాళ్ళ ఖర్మ.

ఈ మధ్య పుదూరు అవతల నల్లరేగడి పల్లెలో ఒక పెళ్ళికి పోయాను. రైతుల ఇల్లు, మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పెళ్ళికొడుకువాళ్ళు విరుదునగరు దగ్గర మరమగ్గాలు నడిపేవాళ్ళు, కాస్త కలిగినవాళ్ళు. పెళ్ళికూతురికి ఆలంగుళం సున్నపురాయి గుంతలో పచ్చటి నీళ్ళ పక్కన ఫొటోలు దిగాలని ఆశ. వాళ్ళ నాయన సాగనిచ్చాడా? పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు.

"గుంతల ఏముండాది? మన చేన్ల ఎత్తమ్మా. వియ్యంకునికి మా నేల ఎంతుండాదో కనపడాల" అన్నాడు నాతో.

వైకాసి నెల, నడి ఎండాకాలం. చేను బీడుపడి, పాదం దూరేంత పగుళ్ళు తీసి ఉంది. నీడ అంటే గట్టున నాలుగు తుమ్మచెట్లు. ఇక్కడ ఫొటోలట! మనసులో తిట్టుకుంటూనే కెమెరా తీశాను.

ఆ మీసాలాయన తల్లి పొద్దున్నే నన్ను పట్టుకుంది. ఎండి బిగుసుకుపోయిన మనిషి. ఆ కాలపు ఆడవాళ్ళ మాదిరిగానే రవిక లేదు. బరువు కమ్మలకు సాగిన చెవులు భుజాల దాకా వేలాడుతున్నాయి. ఒక చెవి తెగిపోయి ఉంది, రెండో చెవికి మాత్రం ఇంకా పాంబడం ఉంది, దిమ్మలాంటి బంగారు కమ్మ. నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగింది.

"ఏ పిల్లా, అందరూ కలిసి ఎత్తే పోటోల నన్ను నడమ కూసోబెట్టాల. ఆ పోటో విరుదునగరు ఇంట్ల గోడ మింద ఉంటాది కద? నా మనవరాలు దినమూ నన్ను సూడాల."

"అట్లే అవ్వా" అన్నాను. అనడానికి నాకేం పోయింది?

తుమ్మచెట్టు కింద కొంగు సర్దుతుంటే పెళ్ళికూతురు నా చెవిలో వేరే మాట ఊదింది. "అక్కా, గ్రూపుల అవ్వ వద్దు. రవిక లేదు, చెవులు సూడు. మా అత్తగారింట్ల హాల్ల తగిలిస్తే అసింగం, పరువు పోతాది."

"నీ అవ్వే కద పిల్లా నిన్ను పెంచింది?"

"పెంచితే? పోటోల నిలబెట్టాల్నా?"

చేతికి గోరింట కూడా సరిగ్గా ఆరని పిల్ల. ఒక్కటిద్దామనిపించింది. ఇవ్వలేదు, పెళ్ళికూతురు కదా. ఇంతలో తండ్రి వచ్చి తేల్చేశాడు. "అమ్మకు ఒగ సింగిల్ ఎత్తేయమ్మా. ఎట్లయినా ఒగ దినం కావాల్సిందే కద. అదే గ్రూపు అని అనుకుంటాది."

కుర్చీ వేశారు. ముసలామె గబగబా వచ్చి కూర్చుంది, చీర చెంగు భుజం మీద సర్దుకుంది. తర్వాత వెనక్కి చూసింది. కొడుకు తనకు వియ్యంకులు పెట్టిన కొత్త పంచె మడత విప్పి ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస బావమరిది చేతిలో ఉంది. ఎండలో ఆ తెలుపు కళ్ళలో పొడుస్తోంది. ముసలామె మొహం మాడిపోయింది.

"గుడ్డ ఎందుకురా?"

"ఆధారుకు మా. కదలకుండా ఉండు."

"పక్కింటి ముసలిదానికీ ఇట్లే గుడ్డ పట్టినారు. పంగుని నెల దాటలేదు, బేనర్ల నిలబెట్టేసినారు."

నేను ఒకటి, రెండు అని నొక్కాను. ఫొటోలో కళ్ళు మూసి ఉన్నాయి. ఎండకు రెప్ప వేసిందనుకున్నాను. మళ్ళీ నొక్కాను, మళ్ళీ మూసే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, ముసలామె కావాలనే మూస్తోంది. కళ్ళు మూసిన ఫొటోను బ్యానరు మీద ఎవరూ వెయ్యరు కదా! నేను లెక్కపెట్టడం మానేశాను, ఆమె నా వేలు చూడడం మొదలుపెట్టింది. చెట్టు పక్కకు జరిగి దొంగచాటుగా నొక్కాను, దానికీ మూసింది. నా కెమెరా ముందు మొండి పసిబిడ్డలు ఓడిపోయారు, తాగొచ్చిన పెళ్ళికొడుకులు ఓడిపోయారు, ఈమె దగ్గర మాత్రం నా పప్పులుడకలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవ్వా, కన్ను తెరువు! ఎండల నన్ను సంపుతావా?"

"నన్ను సంపేదానికి నువ్వు వచ్చి నన్ను అడుగుతావా?" అంది, కళ్ళు మూసుకునే.

పెళ్ళికొడుకువాళ్ళు దూరంగా నిలబడి నవ్వుతున్నారు. అది చూసి మీసాలాయనకు తల కొట్టేసినట్టయింది. పంచె కొస వదలకుండానే ముందుకు వంగి, తల్లి చెంప పక్కన మొహం పెట్టి అరిచాడు.

"కన్ను తెరిసి సావు మా!"

"అయ్యా, మీ తల పోటోల వచ్చేసింది" అని నేను అరిచాను. ఆయన తలెత్తి నావైపు చూశాడు. అప్పటికే నా వేలు నొక్కేసింది.

రాహుకాలం రాకముందే పెళ్ళికొడుకువాళ్ళు కారెక్కాలి. సింగిల్ అక్కడితో వదిలేసి గ్రూపుకు లేచాం. ముసలామెను మాత్రం, "ఇక్కడే కూసో, ఇంగా ఉండాది" అని అదే కుర్చీలో ఉంచేశారు. కుర్చీ మొహం చేను వైపు, వీపు మా వైపు. నేను అందరినీ వరసలో నిలబెట్టి, పెళ్ళికూతురి పక్కన తండ్రిని పెట్టి, ఒకటి అన్నాను. ఆ లెక్క విని ముసలామె తిరిగి చూసింది.

"ఒరే! నన్ను పిలవలేదే!" అంటూ లేచి మా వైపు రాబోయింది.

మీసాలాయన వరస వదిలి పరుగు తీశాడు. "నా మొగం ఎవరికి కావాల, నువ్వు ఎత్తమ్మా, రాహుకాలం వచ్చేస్తాది" అని నాకు చెబుతూనే తల్లి భుజాలు పట్టి కుర్చీలో కూలేశాడు. "నీ పోటో ఎత్తేసినారు కద! పరువు తీయొద్దు" అని ఆమెతో అనడం అందరికీ వినపడింది. నేను నొక్కేశాను. ఆయనను తర్వాత అతికిస్తాలే అనుకున్నాను. అతికించమని ఎవరూ అడగలేదు. ఆ గ్రూపే పెద్దది చేయించి విరుదునగరు హాల్లో తగిలించారు. అందులో తల్లీ లేదు, కొడుకూ లేడు.

నేను బండెక్కుతుంటే ముసలామె దగ్గరికి వచ్చింది. "నన్ను నడమ ఎత్తలేదు కద?"

"ఎత్తలేదు అవ్వా" అన్నాను. ఆధారుకని చెప్పడమంటే సులువే గాని, ఇది ఆ మొహం చూస్తూ దాచలేకపోయాను. ఆమె నన్ను తిట్టలేదు. ఇంటివైపు పోయింది.

పెళ్ళయిన నాలుగు నెలలకు, పురటాసిలో తొలి వాన పడింది. విత్తనం వేయించడానికి చేనికి పోయిన మీసాలాయన ట్రాక్టరు పక్కనే గుండె పట్టుకుని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. విరుదునగరు నుంచి కూతురు నాకు ఫోను చేసింది. ఏడుపు మధ్యలోనే పని చెప్పింది.

"అక్కా, నాయన పోటో ఒగటి మంచిది కావాల, బేనరుకు. ఆధారుల ఉండేది సూస్తే నాయన మాదిరే లేదు."

వెతికాను. పెళ్ళిలో ఆయన అన్నిటిలో ఉన్నాడు, ఒక్కదానిలోనూ సరిగ్గా లేడు. ఒకదానిలో వీపు, ఇంకోదానిలో చెవి దగ్గర ఫోను, తాళి కట్టేటప్పుడు మేళంవాళ్ళ వైపు చెయ్యి ఊపుతూ సగం మొహం. సూటిగా, కళ్ళు తెరిచి, తెల్లటి నేపథ్యంతో ఉన్నది ఒక్కటే. తల్లి సింగిల్ అది. కళ్ళు మూసుకున్న ముసలామె, ఆమె చెంపకు ఆనుకుని ఆయన మొహం, వెనక ఆయన చేత్తో ఆయనే పట్టుకున్న పంచె.

కూతురికి పంపించాను. చూసి మళ్ళీ ఫోను చేసింది. "అవ్వను కోసేయి అక్కా. నాయన నోరు తెరిసి ఉండాది, మూసేయి." అంతటితో ఆగిందా? "ఆమెకు పట్టిన గుడ్డ నాయనను ఎత్తుకోని పోయింది. ఆ దినం కన్ను తెరిసి ఉంటే ఆమెనే పోయుండేది."

పుట్టింటి దుఃఖంలో ఉన్న పిల్లను ఏమంటాను? కోశాను, నోరు మూశాను, ఫ్లెక్సీ కొట్టుకు పంపాను. మధ్యాహ్నానికి బ్యానరు లేచింది. పల్లెలో కూడా అదే మాట నడిచిందని తర్వాత విన్నాను. కన్ను మూసుకుని ముసలిది కొడుకును ముందుకు తోసిందని, సాక్షాత్తూ శవం ముందే అన్నారట. కోడలు ఆమెను శవం దగ్గరికి రానివ్వలేదట.

కర్మాంతరం అయ్యాక ముసలామె ఒక్కతే బస్సెక్కి కోవిల్‌పట్టిలో నా కొట్టుకు వచ్చింది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"బేనర్ల నా కొడుకు కాలరు పక్కన పచ్చగా ఒగటి ఉండాది సూసినావా?" అంది.

నేను చూడలేదు. కంప్యూటరులో తెరిచాను. ఆ రోజు హడావిడిలో సరిగ్గా కోయనట్టున్నాను, ఆయన కాలరు అంచున గింజంత బంగారు ముక్క మిగిలిపోయింది. అందరూ గుండీ అనుకుని ఉంటారు.

"అది నా పాంబడం" అంది. "నా పోటోల నుంచే వాణ్ణి ఎత్తుకున్నావు. నన్ను కోసేసినావు కద. కోయనిది ఉండాదా?"

చూపించాను. స్టూలు ముందుకు జరుపుకుని, తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది. కొడుకును చూసింది, తర్వాత గట్టిగా మూసుకున్న తన కళ్ళను చూసింది.

"వాడు నేను కలిసి ఎత్తుకున్నది ఇది ఒగటే" అంది. "దీంట్ల నా కన్ను తెరిసేదానికి అవుతాదా?"

"అవుతాది అవ్వా. ఇప్పుడు నీకు ఒగ పోటో ఎత్తి, ఆ కండ్లు దీంట్ల పెడ్తాను. అయితే తెల్లగుడ్డ ముందు కూసోవాల."

"కట్టు" అంది.

గోడకు గుడ్డ కట్టాను. ఆమె నిటారుగా కూర్చుంది. ఒకటి, రెండు అన్నాను. రెప్ప వాల్చలేదు. చాలవ్వా అన్నా వినకుండా, ఇంకొకటి ఎత్తు, ఇంకొకటి ఎత్తు అంటూ నీళ్ళు కారుతున్నా కళ్ళు తెరిచే ఉంచింది. నేను పనిచేసేటప్పుడు ఏడవను, ఆ రోజు ఏడ్చాను. ఏడుస్తూనే ఆ కళ్ళను తెచ్చి పెళ్ళినాటి మొహంలో పెట్టాను. ఎంత సరిచేసినా ఎరుపు పోలేదు.

"ఇంట్లవాళ్ళు వస్తే ఇప్పుడు ఎత్తిన సింగిల్ ఇచ్చేయి, వాళ్ళకు కావాల్సింది అదే. ఇది నాకు" అంది.

ప్రింటు తీయబోతూ అడిగాను. "అవ్వా, నీ కొడుకు నోరు తెరిసి ఉండాదే. బేనర్ల మూసినట్ల మూసేయనా?"

"వద్దు" అంది. కొడుకు నోటి మీద వేలు పెట్టింది. "వాడు కన్ను తెరువమంటుండాడు. తెరిసినా కద."