ముట్టుకోకూడని కప్పు

పోయిన నెల గాలివానకు మా మేడమీది గది రేకుల్లో నాలుగు లేచిపోయాయి. రెండు మా ముంగిట్లోనే పడి ముక్కలయ్యాయి, రెండు పక్క వీధిలో పడ్డాయి. ఎవరికీ తగల్లేదు, అదే పదివేలు. నేను కుచ్చెళ్ళు ఎగదోపుకుని పగిలిన ముక్కలు ఏరుదామని వంగానో లేదో, కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. సోలార్ పార్కు ఆఫీసులో పనిచేసే పిల్ల, మహా చురుకు. "ఏమీ ముట్టుకోవద్దు మేడమ్. ఇన్సూరెన్సు ఉండాది గదా. ముందు ఫోటోలు తీద్దాం. ముట్టుకుంటే క్లెయిము రాదు" అంది. నా మంచికే చెప్పింది. అయినా ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మంట ఆ పిల్ల మీద కాదు. అది ముప్పై ఏళ్ళకు పైబడిన పాత మంట. రిటైరైన టీచరుకు ఇంత కోపం పనికిరాదని మా డాక్టరు అంటాడు. ఆయన ఇంటి కప్పు ఎన్నడూ లేచిపోయి ఉండదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఇళ్ళలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం నడిచే మా సరిహద్దు సీమలో, వై.ఎన్.హొసకోట బడికి బస్సు దొరికే ఒక పల్లెలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. అత్తకు భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది నాలుగెకరాల వేరుశనగ చేను, ఒక నోరు. ఆ నోటికి ఊరంతా భయపడేది, నేను కూడా. అవి వరుసగా కరువు ఏళ్ళు. విత్తడం, మబ్బు కోసం చూడడం, ఎండిన వేరుశనగ కట్టెను గొర్రెలకు వదలడం, ఇదే వ్యవసాయం. అంతకుముందు, మట్టి మిద్దె వానకు కారుతోందని అత్త బ్యాంకులో అప్పు తీసుకుని సిమెంటు రేకులు వేయించుకుంది. "రేకులు ఎక్కించినాంక వానే మానుకునింది" అని తనను తానే ఎగతాళి చేసుకునేది. ఆ అప్పుతోపాటు బ్యాంకువాళ్ళు ఇంటికి బీమా కూడా కట్టించారని ఆమెకు తెలియదు. కాగితాలు చదివి చెప్పింది నేనే. "ఇంటికి బీమా ఏంది పాపా, అదేమన్నా మనిషా సచ్చేదానికి?" అని పడీపడీ నవ్వింది.

ఆ ఏడు వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఎర్రటి దుమ్ము లేచి ఊరిని కమ్మేసింది. రేకుల మీద బరువుకు పెట్టిన గుండ్లు దొర్లిపోయి, మా కప్పు సగం లేచిపోయింది. లోపల విత్తనానికి దాచిన కాయల మూటలున్నాయి, బయట చినుకులు మొదలయ్యాయి. మా ఊళ్ళో అప్పుడొక పద్ధతి ఉండేది. ఎవరి కప్పు లేచిపోయినా, అది మళ్ళీ కప్పేదాకా ఆ వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించేవారు కాదు. పిలవాల్సిన పనిలేదు, బతిమాలాల్సిన పని అసలే లేదు. చేలల్లో ఉన్నవాళ్ళు కూడా తడుస్తూ వచ్చారు. పగలని రేకులు వెతికి తెచ్చి ఎక్కించారు. అయినా చాల్లేదు. అప్పుడు పక్కింటి చిన్నాయన (ఊరి వరసకు చిన్నాయన, గొర్రెలు కాసే మనిషి) తన గొర్రెపిల్లల కొట్టం మీది మూడు జింకు రేకులు ఊడబీకి తెచ్చాడు. "పెద్దవానలు వచ్చేలోగా ఇస్తే సాలక్కా. అందాకా పిల్లల్ని మా వసారాలో కట్టేసుకుంటా" అన్నాడు. అట్లాగే ఇస్తానని అత్త మాటిచ్చింది. పొద్దు వాలేసరికి ఇంటికి మళ్ళీ కప్పు పడింది. పగిలిన ముక్కలు కూడా వృథా పోలేదు. ఒకటి కోళ్ళ గూటి మీదికి, ఒకటి స్నానాల తడిక సందుకు, ఒకటి నీళ్ళ తొట్టి మూతకు పోయాయి. ఆ తర్వాతే వీధిలో పొగ లేచింది.

మర్నాడు నాకు బీమా సంగతి గుర్తొచ్చింది. కొత్త రేకులు వస్తే చిన్నాయనవి చిన్నాయనకు పోతాయి, అత్త మాట నిలబడుతుంది. కన్నడంలో నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని బడిలో అందరూ అనేవారు, నేనూ నమ్మేదాన్ని. ఆ ముత్యాలన్నీ పోసి అర్జీ రాశాను. గాలి ఎట్లా వచ్చిందీ, ఎన్ని రేకులు పగిలాయీ రాసి ఆపి ఉంటే బాగుండేది. ఆపలేదు. "గ్రామస్థుల సహకారంతో కప్పును అదే రోజు సరిచేసుకున్నామని సంతోషంతో తెలియజేస్తున్నాము" అని చివర ఒక వాక్యం చేర్చాను. చదివి వినిపిస్తే అత్త మురిసిపోయింది. "ఉండనీ పాపా, మన ఊరోళ్ళ మంచితనం ఆ దొరలకూ తెలియల్ల" అంది.

పంతొమ్మిది రోజులకు తుమకూరు నుంచి సర్వేయరు వచ్చాడు. అత్త ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, తలెత్తి చూసి, "కప్పు బాగానే ఉందే" అన్నాడు కన్నడంలో. పగిలినవి చూపించమన్నాడు. నేను ఇల్లిల్లూ తిరిగాను. ఊరివాళ్ళు ఎక్కడి ముక్కలు అక్కడ పీకి మోసుకొచ్చి మా గడప ముందు పేర్చారు. ఒక ముక్కతోపాటు దాన్ని వదలనని కోడిపెట్ట కూడా వచ్చింది. "ఇవి ఈ ఇంటివేనని ఏమిటి నమ్మకం?" అన్నాడు ఆయన. మేకుల బెజ్జాలకు తారు పూసి గుడ్డపేలికలు అంటించింది అత్తే. ఏ పేలిక ఏ చీరదో కూడా వరసగా చెప్పింది. ఆయన ఒక్కటీ రాసుకోలేదు. మహజరు ఉందా అన్నాడు. కూలింది కూలినట్టుండగానే పెద్దమనుషుల సంతకాలతో రాసుకోవలసిన కాగితం అది. మా దగ్గర లేదు. "మేము వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, అది రూలు" అన్నాడు.

చిన్నాయన మెల్లగా అడిగాడు. "పంతొమ్మిది దినాలు ఆ యమ్మ యాడ పండుకోవల్ల సామీ?"

ఆయన బ్యాగు మూసుకుని, బస్సు ఎన్ని గంటలకని నన్ను అడిగాడు. నేను చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే. తర్వాత రెండుసార్లు సెలవు పెట్టి తుమకూరు పోయాను. ఈ టేబులు ఆ టేబుల్ని చూపించింది, ఆ టేబులు భోజనానికి పోయింది. చివరికి ఉత్తరం వచ్చింది. నష్టం ఏదీ కనబడనందున పరిహారం ఇవ్వడానికి వీల్లేదని రాసి, దానికి సాక్ష్యంగా నా వాక్యాన్నే ఎత్తి రాశారు. ఆ "సంతోషంతో" అనే మాట కూడా వదల్లేదు. మేము ఆ ఇంటిని వానకు వదిలేసి, మూటలు మొలకెత్తుతుంటే చూస్తూ కూర్చుని ఉంటే, మాకు న్యాయం జరిగేది. అంత నీచమైన రూలు రాసినవాడు ఎవడో గాని, వాడికి ఇరుగుపొరుగు ఉండి ఉండరు.

ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. ఆ నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కరోజే. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ మూడు జింకు రేకులూ తానే ఊడదీసింది. చిన్నాయన అడ్డం పడ్డాడు. "వద్దక్కా, ఉండనీ. మాకేం తొందర లేదు."

"మబ్బులు యాడికొచ్చినాయో సూడప్పా. నీ పిల్లలు తడిస్తే నాకు కూడు దిగదు" అని, రేకులు అతని కొట్టం దగ్గర దించి వచ్చింది. ఖాళీ అయిన చోట బోదగడ్డి కప్పుకుంది. విత్తనం మూటలు తలా ఒక ఇంట్లో దాచారు. ఆ గడ్డి కింద అత్త మూడేళ్ళు ఉంది. ఆ మూడేళ్ళలో నేను రాసిన వాక్యం గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు.

కింది వాటా అమ్మాయి అన్నట్టే ఫోటోలు పంపింది. ఎనిమిది రోజుల్లో నాకు క్లెయిము వచ్చింది, ఎవరూ వచ్చి చూడను కూడా లేదు. ఆ ఎనిమిది రోజులూ పైగది ఆకాశానికి తెరుచుకునే ఉంది. వీధిలోవాళ్ళు గాలివాన రోజే కింద నిలబడి, "మీకు ఇన్సూరెన్సు ఉండాది కదా మేడమ్" అని ధైర్యం చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టలేను, మెట్ల దగ్గర నిలబడి ఏదీ ముట్టుకోవద్దని అందరికీ చెప్పింది నేనే. ఊరంతా చెయ్యి వేసినందుకు అత్తకు రానిది, ఎవరూ చెయ్యి వేయనందుకు నాకు వచ్చింది. కాలం మారిందనడానికి నాకు వేరే గుర్తు అక్కర్లేదు. నా కప్పు లేచిపోయిన సాయంత్రం మా వీధిలో ఒక్క పొయ్యి కూడా ఆగలేదు, నాది కూడా.