తోడికోడలు నేర్పిన ఓడ యుద్ధం

మా అక్క పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. ఏడో తరగతికి పద్యం చెబుతుంటే ఆయా వచ్చి, ఆఫీసులో ఫోనొచ్చింది టీచర్‌గారూ అంది. అవతల మా బావగారు. "అమ్మా, అక్క వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. ఎక్కడికండీ అని అడగబోయి ఆగిపోయాను. పొద్దున కాఫీ కలుపుతూ గుండెల్లో నొప్పి అందట. ఆటో వీధి మలుపు తిరిగేలోపే అయిపోయిందట. క్లాసుకి తిరిగి వచ్చి, పిల్లలతో పద్యం పూర్తిగా చెప్పించి, అప్పుడు బస్సెక్కాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా వారి అన్నగారి భార్య, నా తోడికోడలు. మా వైపు తోడికోడళ్ళ మధ్య సఖ్యత అంటే ఎవరూ నమ్మరు. కానీ పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నేను ఆమెను అక్కా అనే పిలిచాను, ఆమె నన్ను అమ్మాయ్ అనే పిలిచింది.

అక్క పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారితో మొదలుపెట్టి చాలామంది మాట్లాడారు. ఆమె ప్రార్థన గురించి, ఓపిక గురించి, స్త్రీల సమాజం కోసం ఆమె వండిన బిర్యానీల గురించి చెప్పారు. అన్నీ నిజాలే. ఆమె సముద్రపు దొంగ అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది తెలిసినవాళ్ళం నేనూ, బావగారూ ఇద్దరమే. ఆయన ఆ రోజు మాట్లాడే స్థితిలో లేరు. అందుకని నేను చెబుతున్నాను.

మా అత్తవారిల్లు పటమటలో. ముందు గదిలో బావగారి డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, బళ్ళ ప్రశ్నపత్రాలు, చర్చి కరపత్రాలు అక్కడ తయారయ్యేవి. డిజైన్ బావగారిది, టైపింగ్ అంతా అక్కది. మనతో మాట్లాడుతూ, వంటింట్లో పాల గిన్నె మీద ఒక చెవి వేసి, తెర వైపు అప్పుడప్పుడు మాత్రమే చూస్తూ తప్పు లేకుండా కొట్టేది. భోజనాలయ్యాక షట్టర్ సగం దించేవారు. బావగారు ఒక గదిలో, మా అత్తయ్య ఇంకో గదిలో నిద్రపోయేవారు. మా వారికి కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. పొద్దున వెళితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే. ఆ మధ్యాహ్నాలు అక్కవి. కంప్యూటర్ బిగించిన కుర్రాడు ఏవో ఆటలు ఎక్కించి పోయాడు. పేక ముక్కలాట తనకి రెండు రోజుల్లో విసుగొచ్చింది. ఓడల ఆట మాత్రం పట్టుకుంది, వదల్లేదు.

పెళ్ళయిన మరుసటి ఏడు నాకు ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్ల. పామర్రు దగ్గర మా పుట్టింట్లో కొన్నాళ్ళుండి తిరిగొచ్చాను. చూడవచ్చినవాళ్ళు బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చి, దేవుడి చిత్తం అమ్మా, ఇంకా చిన్నదానివి అని చెప్పి వెళ్ళేవారు. మంచివాళ్ళే. ఎవరు ఏమన్నా నేను తలాడించేదాన్ని. అక్క మాత్రం ఏమీ అనలేదు. నా కంచంలో కూర కాస్త ఎక్కువ వేసేది, అంతే. నేను గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే ఒక మధ్యాహ్నం గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అమ్మాయ్, లే. ముందు గదిలోకి రా."

ఏదో పనుందనుకుని వెళ్ళాను. తన కుర్చీ పక్కన స్టూలు వేసి ఉంది.

"కూర్చో. ఈ బాణాల మీద వేళ్ళు పెట్టు. ఓడ నడుపుదువుగాని."

"నాకు రాదక్కా."

"వస్తే నేనెందుకు పిలుస్తాను?"

తెర మీద, పైనుంచి గద్ద చూసినట్టు కనిపించే నీలం సముద్రం. మధ్యలో మా ఓడ, చిన్నది. ఒక మూల గాలి ఎటు వీస్తోందో చూపించే గుర్తు. దూరంగా ఇంకో ఓడ, సరుకులు మోసుకుపోయేది. దాన్ని పట్టుకోవాలి. నేను ముక్కుసూటిగా దాని మీదికి తోలి మీట నొక్కాను. మా ఫిరంగులు రెండు పక్కలకీ పేలి గుండ్లన్నీ నీళ్ళలో పడ్డాయి. ఆ ఓడ మాత్రం తాపీగా పక్కకి తిరిగి మమ్మల్ని కొట్టింది.

"ముందు వైపు ఫిరంగులుండవమ్మాయ్. అన్నీ పక్కల్లోనే. వాడికి ఎదురుపడకు, పక్కకి తిరుగు. నీ నడుం వాడికి చూపించు."

"నడుమా?"

"ఓడ నడుమే తల్లీ!" అని అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఓడ మాత్రం ఎలాగో పక్కకి తిరిగింది. అప్పటికే ఆలస్యమైంది. మునిగిపోయాం.

"ఇప్పుడెలా?" అన్నాను.

"ఎలా ఏముంది, రేపు మళ్ళీ" అని కంప్యూటర్ కట్టేసి, టీ పెట్టడానికి వెళ్ళింది.

అలా మొదలైంది. అక్క పద్ధతిగా నేర్పింది, కుట్టు నేర్పినట్టు. ముందు కొన్నాళ్ళు యుద్ధమే లేదు, గాలి మాత్రమే. ఎదురుగాలికి ఓడ కదలదు. అటే పోవాలంటే కొంత కుడికీ కొంత ఎడమకీ వంకరటింకరగా పోవాలి. నేను ప్రతిసారీ గాలికి ఎదురు పెట్టి ఓడని నిలబెట్టేసేదాన్ని. "బెంజి సర్కిల్లో బళ్ళు ఆపేస్తే మనం ఏం చేస్తాం? సందుల్లోంచి పోతాం కదా? అలాగే" అనేది.

తర్వాత గుండ్లు. ఆటలో వాటికి ఇంగ్లీషు పేర్లేవో ఉన్నాయి. మేం మా పేర్లు పెట్టుకున్నాం. ఓడ చెక్కలు పగలగొట్టే పెద్దవి లడ్డూలు. తెరచాపలు చించేవి గొలుసులు. అవతలి నావికుల మీద చల్లే చిన్నవి మినుములు. "ముందు గొలుసులు వెయ్యి, వాడు పారిపోకుండా. ఆ తర్వాత మినుములు. లడ్డూలు పొదుపుగా వాడు. ఓడే మునిగిపోతే మనకేం దక్కుద్ది?" అని చెప్పేది. ఒకసారి పేల్చాక ఫిరంగులు నింపుకోవడానికి కాసేపు పట్టేది. ఆ కాసేపట్లో నేను కంగారుపడి దగ్గరికి దూసుకుపోయేదాన్ని. అక్క నా మణికట్టు మీద చిన్నగా తట్టేది. "చేతిలో ఏం లేనప్పుడు దూరంగా తిరుగు. సిగ్గేం లేదు."

ఒకరోజు నేను ఆలోచించి ఆలోచించి, "జీవితం కూడా ఇంతే కదక్కా" అన్నాను.

"జీవితం సంగతి ఆదివారం పాస్టరుగారు చెబుతారు. నువ్వు గాలి చూసుకో" అంది.

ఇంకో రోజు హనుమాన్ జంక్షన్ నుంచి ఒక పెద్దాయన కూతురి శుభలేఖ అచ్చుతప్పులు చూసుకుందామని వేళ కాని వేళలో వచ్చి, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి చూశారు. అక్క అప్పుడే అవతలి ఓడకి మా ఓడని ఆనించింది. మనవాళ్ళు కత్తులతో అటు దూకుతున్నారు. "కాసేపు కూర్చోండి బాబాయిగారూ, ఇదిగో అయిపోయింది" అంది తల తిప్పకుండా. ఆయన కూర్చోలేదు. వెనక నిలబడి చూశారు. మావాళ్ళు గెలిచాక, "ఆ ఓడ ఇంక మీదేనాండీ?" అని అడిగారు. "మాదేనండీ" అంది అక్క. ఆయన తృప్తిగా తలాడించి శుభలేఖ చేతిలోకి తీసుకున్నారు. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత గట్టిగా నవ్వాను. లోపలి గదిలో మా అత్తయ్య దగ్గిన చప్పుడు విని ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

కానీ అంతా నవ్వులే కాదు. కాస్త చెయ్యి తిరిగాక నాకొక పిచ్చి పట్టింది. ఆ సముద్రంలో ఒక పెద్ద యుద్ధనౌక తిరుగుతుండేది, మూడంతస్తుల ఫిరంగులతో. దాన్ని చూస్తే అక్క కూడా తప్పుకుని పోయేది. నేను మాత్రం దాని మీదికే పోవడం మొదలుపెట్టాను. గొలుసుల్లేవు, మినుముల్లేవు, గాలి చూడటం లేదు. సూటిగా పోవడం, మునగడం. మళ్ళీ మొదలుపెట్టడం, మళ్ళీ దాని మీదికే పోవడం. అక్క కొన్నాళ్ళు ఊరుకుంది. ఒక మధ్యాహ్నం నా చేతిని మీటల మీద నుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయ్, నువ్వు గెలవాలని ఆడటం లేదు. మునగాలని ఆడుతున్నావ్."

తెర మీద ఓడ దానంతటదే ఎటో పోతోంది.

"పేరు అనుకున్నావా?" అని అడిగింది.

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. ఆస్పత్రిలో గానీ, పుట్టింట్లో గానీ, మా వారు గానీ అడగలేదు. అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా నాలో నేనే అనుకున్నాను. ఆ పేరు పైకి చెప్పాను. అక్క ఒకసారి దాన్ని మెల్లగా పలికి చూసింది, కొత్త మాట టైపు చేసేముందు పలికి చూసుకున్నట్టు.

"బాగుంది" అంది. తర్వాత లేచి వెళ్ళి షట్టర్ పూర్తిగా దించి వచ్చింది. "ఏడువు. వాళ్ళు టీ వేళ దాకా లేవరు."

ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. పక్కనే కూర్చుంది, నా చెయ్యి వదలకుండా. నా ఏడుపు అయ్యాక మొహం కడుక్కు రమ్మని, ఉప్మా చేసి పెట్టింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ బిడ్డ పోయిన రోజున ఆమె నాకు ఫోన్ చేసేది. ఏదో కూర సంగతో వాన సంగతో మాట్లాడి పెట్టేసేది. ఎందుకు చేసేదో ఇద్దరికీ తెలుసు.

పెద్ద ఓడని మేము ఎప్పటికీ గెలవలేదు. దాని నుంచి తప్పించుకోవడం మాత్రం నేర్చుకున్నాను. బరువైన ఓడ లోతు తక్కువ నీళ్ళలోకి రాలేదు. చిన్న ఓడతో దీవుల మధ్యకి దూరిపోతే అది బయటే ఆగిపోయేది. మొదటిసారి అలా తప్పించుకున్న రోజు అక్క నా వీపు మీద చరిచి, "అదీ!" అంది. నా మొదటి గెలుపు అదే అని ఆమె లెక్క. నేను మొదట పట్టుకున్న సరుకుల ఓడని ఆమె లెక్కలోకే తీసుకోలేదు.

నా చేత బి.ఎడ్. చదివించింది కూడా ఆమే. ఇంట్లో ఈ మాట ఎత్తితే మా అత్తయ్య, "ఒంట్లో సత్తువ లేదు, ఇప్పుడు చదువులేంటి?" అంటుందని అందరికీ తెలుసు. అక్క ముందు బావగారితో మాట్లాడింది. తర్వాత మా వారితో. తర్వాత మా అత్తయ్య చెల్లెలితో, ఆవిడ మాటంటే అత్తయ్య కొట్టెయ్యలేదు. చివరికి ఒక ఆదివారం భోజనాల దగ్గర చారు వడ్డిస్తూ, "అందరూ సరేనన్నారత్తయ్యా, మీరు ఊఁ అనడమే ఆలస్యం" అంది. మా అత్తయ్య చుట్టూ చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. "మీ ఇష్టం, నన్నడిగి చేస్తున్నారా ఏంటి" అంది. ఆ మాటనే అక్క ఊఁ కింద తీసుకుంది.

చదువయ్యాక నాకు కొండపల్లిలో ఉద్యోగం దొరికింది. మా వారికీ దగ్గరని అక్కడే ఇల్లు తీసుకున్నాం. మాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. దాని గురించి కూడా అక్క ఎప్పుడూ ఏమీ అనలేదు, ఇంకెవర్నీ ఆమె ముందు అననివ్వలేదు. వేరుపడ్డాక కూడా సాయంత్రాలు ఫోన్ చేసి, "ఇవాళ కోట దగ్గర దెబ్బతిన్నానమ్మాయ్, ఒడ్డు నుంచి కొట్టేశారు వెధవలు" అని చెప్పేది. ఎవరు కొట్టారక్కా అని నేనడగడం విని మా పక్క పోర్షన్ ఆవిడ ఒకసారి, మీ అక్కగారికి ఏమైందండీ అని కంగారుపడింది. తర్వాత బావగారు పాత కంప్యూటర్ తీసేసి కొత్తది కొన్నారు. అందులో ఆ ఆట నడవలేదు. కుర్రాణ్ణి పిలిపించి చూపించినా లాభం లేకపోయింది. ఆమె బాధపడుతుందనుకున్నాను. "పోన్లే, చాలా దోచాం" అంది.

ఆమెను చివరిసారి చూసింది ఈ ఎండాకాలంలో. మామిడి రసాలు తీసుకుని మా ఇంటికి వచ్చి రెండు రోజులుంది. వెళ్ళే రోజు స్టేషన్‌కి నేనూ వెళ్ళాను. పాసింజర్ వచ్చింది. ఎక్కీ ఎక్కగానే కిటికీ పక్క సీటు సంపాదించింది. ఎదురుగా ఉన్నావిడ సంచీ పైకి పెట్టించి, ఆమె ఊరేదో పిల్లలెంతమందో అడగడం మొదలుపెట్టింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి, సంచీలోంచి ఒక పండు తీసి పిండుకుని తినేసింది. బండి కదిలింది. అప్పుడు చేతులు కిటికీ బయట పెట్టి సీసాలో నీళ్ళు పోసుకుని కడుక్కుంది. ఆ నీళ్ళు గాలికి ఎగిరి వెనక కిటికీలో కునుకుతున్న ఒకాయన మొహం మీద పడ్డాయి. ఆయన తల బయటికి పెట్టి కేకలేశాడు. మా అక్క కూడా తల బయటికి పెట్టి, ఆయన వైపు తిరిగి, పసుప్పచ్చగా మెరుస్తున్న రెండు తడి చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. నవ్వు ఆపుకోలేకపోతోంది. బండి మలుపు తిరిగేదాకా అలా నవ్వుతూనే ఉంది.