అంగుళం తాత సాక్ష్యం

అంగుళం తాత మనవల చొక్కాలు తిరగేసి చూస్తే నవ్వొస్తుంది. పైకి బాగానే ఉంటాయి. లోపల మాత్రం అంచుకి నాలుగు వేళ్ల మడత, చేతులకి మడత, పక్కలకి మడత. ఇంకో చొక్కాకి సరిపడా గుడ్డ లోపలే దాక్కుని ఉంటుంది. ఎండాకాలంలో అది తొడుక్కోవడమంటే దుప్పటి కప్పుకుని బడికి వెళ్లడమే. "కత్తిరించి పారెయ్ తాతా, ఉడికిపోతున్నాం" అని ఎంత గోల పెట్టినా వినడు. "రేపు పెరుగుతావురా, అప్పుడు విప్పుకోవచ్చు" అంటాడు. పెళ్లై ఇద్దరు పిల్లలున్న పెద్ద మనవడికీ అదే జవాబు. వాడింకేం పెరుగుతాడు, అడ్డంగా తప్ప!

ఈ తాతే ఒకప్పుడు కత్తెర పట్టాడంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారట. గుడ్డ బల్లమీద పరిచి, సుద్దతో ఒక్క గీత గీసి, రెండోసారి కొలవకుండా సర్రున కోసేసేవాడు. అంగుళంలో పావు వంతు తేడా రాదు. ఆ పేరు అలా వచ్చిందే. "రెండుసార్లు కొలిచేవాడికి మొదటిసారి కళ్లు ఎక్కడున్నాయట?" అని తోటి దర్జీలను దెప్పేవాడు.

అంతకన్నా పెద్ద పేరు ఆయన కాజాలది. గుండీ దూర్చే కన్నమే కాజా. ఎవరైనా దాని చుట్టూ దారం తిప్పి వదిలేస్తారు. ఆయన చొక్కా కాజాకి మాత్రం ఒక కొసన రెండు అడ్డకుట్లు, వాటి మధ్య ఆవగింజంత ముడి ఉండేవి. ఆ ముడి చూసే "అంగుళం చొక్కా" అని పోల్చుకునేవారు. అసలు సంగతేమిటంటే, ఆ కాజాల్లో ఒక్కటి కూడా తాత వేసింది కాదు. సాయంత్రం చొక్కాలు మూటగట్టి ఇంటికి తెస్తే, మర్నాడు అమ్మమ్మ గడప దగ్గర వెలుతుర్లో కూర్చుని వేసేది. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. మెచ్చుకుంటే మాత్రం మీసాల్లోంచి నవ్వేవాడు.

ఒక ఏడు ఊళ్లో కట్టెల అడితి యజమానిని ఎవరో పట్టపగలు ఆయన గదిలోనే చంపేశారు. శవం పిడికిట్లో చారల గుడ్డ పీలిక దొరికింది. దానికొక కాజా. పోలీసులు ఆ పీలిక పట్టుకుని తిన్నగా తాత దుకాణానికి వచ్చారు.

"ఇది మీ కుట్టేనా?"

తాత కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. "నాది కాక ఇంకెవరిది?"

కొలతల పుస్తకం తిప్పాడు. ఆ బూడిదరంగు చారల గుడ్డతో ఆయన కుట్టింది ఒకే ఒక్క చొక్కా, గోడలకి సున్నాలు వేసే కుర్రాడికి. మెడ పదిహేను, ఛాతీ ముప్పై ఆరు. ఆ సున్నాలవాణ్ణి అడితి యజమాని వారం కిందటే నలుగురిలో చెంపమీద కొట్టాడు, గోడలు మచ్చలు మచ్చలుగా వచ్చాయని. చొక్కా ఏదిరా అని అడిగితే, ఆరేసిన తీగమీంచి పోయిందన్నాడు. ఎవరు నమ్ముతారు?

కోర్టులో వాడి వకీలు తాతని ఒకే సంగతి అడిగాడు. "ఈ కాజా ఇంకో దర్జీ కుట్టిన చొక్కాది అయ్యుండొచ్చు కదా?"

"వీల్లేదు బాబూ. ఈ ఊళ్లో ఈ చెయ్యి ఇంకెవరికీ లేదు."

"ప్రమాణం చేసి చెబుతున్నారు, జ్ఞాపకం పెట్టుకోండి."

"నిద్రలో లేపి అడిగినా ఇదే చెబుతాను."

కోర్టులో జనం నవ్వారు. జడ్జిగారి పెదవి కూడా కాస్త కదిలింది. సున్నాలవాడు మాత్రం నవ్వలేదు. బోనులోంచి మెడ వంచి, తాత వేసుకున్న చొక్కా కాజాలకేసి చూస్తూ నిలబడ్డాడు. మూడు వారాలకి వాడికి ఉరిశిక్ష పడింది.

కోర్టు కబుర్లు ఇంట్లో ఎత్తకూడదని అన్నాళ్లూ నోరు బిగబట్టుకున్న తాత, ఆ సాయంత్రం ఆగలేకపోయాడు. వకీలు ఏమన్నాడో, తనేమన్నాడో గొంతులు మార్చి మరీ చెప్పాడు. అమ్మమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"ఏ చారలవండీ?"

"బూడిదరంగువి."

"మరి మన వీధి మూలమీద దర్జీ కుట్టినవో?"

"వాడా? వాడి మొహం, వాడికేం కాజాలొచ్చు?"

"వాడికి రావు. నాకొచ్చు. రెండేళ్లనుంచి మధ్యాహ్నాలు వాడి కాజాలూ నేనే వేస్తున్నాను. ఆ చారలవే డజను పైన వేసుంటాను."

"నాకు చెప్పకుండానా?"

"మీరు చెప్పారా ఊరికి, మీ కాజాలు నేను వేస్తున్నానని?"

తాత మెళ్లో టేపు తీసి చుట్టసాగాడు.

"రేపే వెళ్లి ఆ వకీలుతో చెప్పండి. ప్రాణంతో పని."

"చెబుతాలేవే. పై కోర్టు ఉందిగా. వాళ్లేమైనా పిచ్చివాళ్లా?"

ఆ రేపు రాలేదు. చెబితే ఊరు నవ్వుతుంది. ఇన్నాళ్ల పేరు పెళ్లాం సూదిదని తేలుతుంది. మూలమీద దర్జీ ఇక తల దించుకోడు. వారానికో వంక దొరికింది. మోకాళ్ల నొప్పి, వాన, పెళ్లిళ్ల బట్టలు. అమ్మమ్మ సూది డబ్బా మూసి అటకమీద పెట్టేసింది. "మీరు వకీలు దగ్గరికి వెళ్లేదాకా నా సూదిలో దారం ఎక్కదు" అంది. మూలమీద దర్జీకీ అదే కబురు పంపింది.

ఇక చూడాలి తాత అవస్థ. కాజాలు తనే వేసుకున్నాడు. కొన్నింట్లో గుండీ దూరదు. కొన్నింట్లో గుండీతోబాటు బొటనవేలూ దూరుతుంది. "ఏమిటి అంగుళం, ఇది కాజానా, ఎలకబొక్కా?" అని చొక్కాలు తిరిగొచ్చాయి. కళ్లు మసకలంటూ బొంకాడు. ఏ పరువు పోతుందని దాచాడో ఆ పరువు ఎలాగూ కాజా కాజాకీ పోతూనే ఉంది. అయినా నోరు విప్పలేదు.

ఎనిమిది నెలలయ్యాక ఒక ఉదయం టీ కొట్లో పేపరు చూశాడు. పై కోర్టు కూడా ఉరే ఖాయం చేసింది. టీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, "పదవే" అన్నాడు. ఎక్కడికని అమ్మమ్మ అడగలేదు. అటకమీంచి సూది డబ్బా తీసుకుని చెప్పులేసుకుంది.

వకీలు అంతా విని తల పట్టుకున్నాడు. "ఎనిమిది నెలలు ఏం చేశారు పెద్దాయనా?"

"కాజాలు వేసుకుంటూ కూర్చున్నాను బాబూ."

అమ్మమ్మ ఆయన ఎదుటే, కాగితాల కట్టల మధ్య కూర్చుని ఒక కాజా వేసి చూపించింది. పీలిక ఫొటో పక్కన పెడితే రెండూ కవలల్లా ఉన్నాయి. ఆ డజను చొక్కాలు ఎవరెవరివని వకీలు మూలమీద దర్జీని పిలిపించి అడిగాడు. వాడు పుస్తకం రాసే రకం కాదు. దారానికి ముడులేసి కొలతలు తీసి, పనవగానే పారేసేవాడు. ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాడు, మిగతావి గుర్తులేవన్నాడు.

వకీలు అర్జీ పెట్టాడు. ఒక్క కాగితమే జవాబొచ్చింది. మొదట అంత స్థిరంగా చెప్పిన సాక్షి, శిక్ష ఖాయమయ్యాక మాట మార్చితే నమ్మలేమని. నిద్రలో లేపినా ఇదే చెబుతానన్న మాటని అందులో ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. నెల తిరక్కుండా సున్నాలవాణ్ణి ఉరితీశారు.

ఆ తర్వాత తాత కొలతల పుస్తకంలో ఆ పేజీ దగ్గరికొస్తే రెండు పేజీలు కలిపి తిప్పేసేవాడు. మెడ పదిహేను అన్న అంకె ఆయన చేతిరాతే.

"వాడు నిజంగా చేశాడంటావా?" అని ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"చేశాడేమో. చెయ్యలేదేమో. నాకేం తెలుసు?" అంది అమ్మమ్మ. "అసలువాడు రేపొచ్చి నేనే చంపానన్నాడనుకోండి, వీణ్ణి ఏ తలుపు తీసి ఇంటికి పంపిస్తారు?" కూర వడ్డిస్తూ మళ్లీ తనే అంది, "మీ మీద కోపంతో నేను సూది దాచానుగానీ, నా కాళ్లు ఎవరు కట్టేశారు? మొదటిరోజే నేను వెళ్లుండాల్సింది."

"కుట్టు తప్పితే విప్పుతామే" అన్నాడు తాత. "కోత తప్పితే..." మిగతాది అన్నంలో కలిపేశాడు.

నాలుగు నెలలకి సున్నాలవాడి తల్లి దుకాణానికి వచ్చింది. జైలువాళ్లు ఇచ్చిన మూటలోంచి తెల్ల చొక్కా తీసింది. వాడు కోర్టుకి వేసుకొచ్చింది అదే.

"వాడి కొడుక్కి సరిపోయేలా చేసిపెట్టన్నా." పిల్లాడి కొలత దారానికి ముడులేసి తెచ్చింది.

"నా దగ్గరికే వచ్చావా తల్లీ?" అన్నాడు తాత.

"వాడి కొలత ఇంకెవరి దగ్గరుంది?"

తాత చొక్కా బల్లమీద పరిచాడు. సుద్దగీత గీశాడు. కత్తెర తీశాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారి కొలిచాడు. గీత సరిగ్గానే ఉంది, చెయ్యే దిగలేదు. కత్తెర పక్కన పెట్టి, పొద్దు వాలేదాకా మడతలు పెట్టి కుట్టాడు. ఒక్క పోగు తెగలేదు.

మర్నాడు ఆమె వచ్చి చొక్కా తిరగేసి చూసింది. దుకాణంలో అప్పుడు బేరాలవాళ్లు నలుగురున్నారు.

"ఇంత గుడ్డ లోపలే ఉంచేశావేం? బరువు కదూ?"

"పెరుగుతాడు కదమ్మా. అప్పుడు విప్పుకోవచ్చు."

ఆమె మడతల మీద బొటనవేలు నడిపి, ఒక్కొక్క కాజా తడిమి చూసింది. "పాత కన్నాలకి కొత్త దారం వేశావా?"

తాత ఆ నలుగురి వైపూ చూశాడు. "నేను కాదు తల్లీ, మా ఆవిడ వేసింది. ఈ దుకాణంలో కాజాలన్నీ ఎప్పుడూ ఆవిడవే."

ఆమె చొక్కా మడిచి చంకన పెట్టుకుంది.

"ఈ మాట అక్కడ చెప్పాల్సింది అన్నా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.